‘చెయ్యి లేపిన, గంతే!’

అధ్యక్షులు తహసీల్దార్ మదన్‌మోహన్‌గారికి, ముందు వరుసలో కునుకు ఆపుకుంటున్న పెద్దలకు (నవ్వులు), కచేరీ మిత్రులకు, మొగుడంపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతులకు రేవణసిద్ధప్ప నమస్కారాలు.

ముప్పై ఏళ్లు గిర్దావరుగా భూములు కొలిచానని, మచ్చలేని మనిషినని ఈ వీడ్కోలు సభలో ఇందాకటి నుంచి ఒక్కొక్కరూ పొగుడుతుంటే ఈ శాలువా కింద నాకు చెమటలు పడుతున్నాయి. మచ్చ ఉందయ్యా! ఏడేళ్ల కింద, యాభైతొమ్మిదిలో, ఈ ఊరి కోర్టులోనే శిక్ష పడ్డ ముద్దాయిని నేను. ఏం జలాల్ వకీలు సాబ్, అట్లా పైకప్పు చూస్తారేం, నా తరఫున నిలబడింది మీరే కదా! (నవ్వులు)

మొగుడంపల్లి సంగమ్మ పొలం హద్దు గొలుసు పట్టి కొలుస్తున్నాం. “గొలుసు వంకర పోయింది సారూ” అన్నది సంగమ్మ. నాకెక్కడలేని కోపం వచ్చి బెత్తం లేపాను. దెబ్బ తగల్లేదు గానీ, ఆమె బెదిరి వెనక్కి పడింది. మర్నాడే నడుచుకుంటూ వచ్చి ఫిర్యాదు ఇచ్చింది.

కోర్టులో వకీలు సాబ్ నోరు విప్పకముందే నేను ఛాతీ విరుచుకుని, “కొట్టలేదు హుజూర్! కొడతనని చెయ్యి లేపిన, గంతే!” అన్నాను. సాబ్ నెత్తి కొట్టుకుని, “అరె సిద్ధప్పా, జుర్మ్ చేసిన్నని నువ్వే ఒప్పుకుంటివి గద!” అన్నారు. (పెద్దగా నవ్వులు)

మేజిస్ట్రేటుగారు మాత్రం నవ్వలేదు. “దెబ్బ తగలక్కర్లేదు, తగులుతుందని భయపెడితే చాలు, చట్టం దాన్నే దౌర్జన్యం అంటుంది” అన్నారు. నేను సర్కారు మనిషినని గొణిగాను. “మీ గొలుసు పటేలు పొలంలో ఒక పొడుగు, సంగమ్మ పొలంలో ఒక పొడుగు ఉంటుందా? చట్టమూ అంతే” అని, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోమని శిక్ష వేశారు.

మధ్యాహ్నం బెంచీ మీద తల దించుకుని కూర్చుంటే సంగమ్మే వచ్చి, మూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. “తిను సారూ. కేసు కేసే, ఆకలి ఆకలే” అన్నది. తిన్నాను. ఒక్క మాట అడగాల్సింది, అడగలేదు.

తర్వాత ఇంకొకరు కొలిచి హద్దు సరిచేశారు. ఏదో పొరపాటు జరిగిందని అందరూ అనుకున్నారు. పొరపాటు కాదు. గొలుసు వంకర పోవడం నేను చూశాను. ఎండకు ఓపిక లేక ఊరుకున్నాను. అబద్ధమాడినందుకు కాదు, నిజం చెప్పినందుకే ఆమె మీద బెత్తం లేపాను. ఈ మాట ఏడేళ్లుగా నన్ను తింటున్నది.

సంగమ్మా, ఆ తలుపు దగ్గర నిలబడ్డావు, చూస్తూనే ఉన్నాను. తప్పు నాది. మన్నించమని అడుగుతున్నాను. మన్నించకపోతే, అదీ నీ హక్కే.

(తలుపు దగ్గరి నుంచి సంగమ్మ: “ముందుగాల కిందికి దిగు సారూ! గంత ఎత్తు మీదికెల్లి అడిగితె ఎట్ల?”)

వస్తున్నా తల్లీ. అధ్యక్షా, పెద్దలారా, మీ ఆదరణకు కృతజ్ఞతలు. మిగతా మాట కింద చెప్పుకోవాల్సి ఉంది. సెలవు.