నలభై కెల్విన్లు

ఆ తొలినాటి గెలాక్సీలో ధూళి వేడి నలభై కెల్విన్లని తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, అందరూ వేసుకునే అంకే తనూ వేసుకుంది, దాని మీదే తొమ్మిదేళ్లు గడిచాయి అనుకుంటూ ఆమె రేపటి ఉపన్యాసం స్లైడ్లు తిప్పుతోంది. పక్క గదిలో పనిచేసే ఆడపడుచు వచ్చి కుర్చీ లాక్కుంది.

“వదినా, టెలిస్కోపు నుంచి నీ గెలాక్సీ రెండో కొలత వచ్చింది.”

“ఎప్పుడు?”

“సోమవారం.”

“ఇవాళ గురువారం. మూడు రోజులూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు.”

“మళ్లీ మళ్లీ లెక్కకట్టాను. తప్పు నాదైతే బాగుండుననిపించింది.”

“నాన్చకు. వేడి ఎంత?”

“ఎనభై. కొంచెం ధూళే బాగా కాగి అంత పరారుణ కాంతి ఇస్తోంది. నువ్వు చెప్పినదాంట్లో ఐదో వంతు కూడా ఉండదు.”

“అంత ధూళి అంత తొందరగా ఎలా పుట్టిందని తొమ్మిదేళ్లు తల బద్దలు కొట్టుకున్నాను.”

“అంత పుట్టనే లేదు. ఉన్న కాస్త ధూళినీ పుట్టించడానికి మామూలు నక్షత్రాలు చాలు.”

“ఆడపడుచు పెత్తనం ఆకాశం దాకా తెచ్చావన్నమాట.”

“తిట్టు, పడతాను. ఇంకా ఎవరికీ చూపించలేదు. కావాలంటే నీ ఉపన్యాసం అయ్యాక, వచ్చే వారం చూపిస్తాను.”

“మీ అన్నయ్యకి చెప్పావా?”

“లేదు.”

“రేపు నేనేమీ తెలియనట్టు మాట్లాడగలనంటావా?”

“నువ్వు మాట్లాడగలవు. నేనే కూర్చుని వినలేను.”

“రెండో కొలత కావాలని దరఖాస్తు పెట్టింది నేనే కదే. అనుమానం లేకపోతే ఎందుకు పెడతాను?”

“ఎప్పటినుంచి అనుమానం?”

ఆమె ‘ఇంత ధూళి ఎలా పుట్టింది?’ అన్న మొదటి స్లైడును చెరిపేసింది.