ఆఖరి కాగితం లేని నవలలు

రాయ్‌పూర్, దేవేంద్ర నగర్. మూడో అంతస్తులో అమ్మిరాజుగారి ముందుగది. గురువారం, మధ్యాహ్నం మూడు దాటింది. పుస్తకాల బీరువా తలుపులు రెండూ తీసి ఉన్నాయి. ఆయన మెచ్చిన పది నవలల పేర్లు ఊళ్ళోని తెలుగు సంఘం సంచికకు కావాలంటూ వచ్చిన ఫణిశ్రీ ఎదుటి కుర్చీలో కూర్చుని ఉంది.

"నాలుగోది మాత్రం కథ చెప్పనమ్మా. పేరు రాసుకో, చాలు. 'తడిసిన టపా'."

"సస్పెన్సేనా అంకుల్?"

"సస్పెన్సే. పై అరంతా అదే. ఒక పోస్ట్‌మేన్ రోజూ తాళం వేసిన ఇంట్లో ఉత్తరం పడేసి వెళ్తాడు. మర్నాడు కిటికీలోంచి చూస్తే ఆ ఉత్తరం ఉండదు. ఇంతకన్నా ఒక్క ముక్క కూడా చెప్పను."

"ఎవరు తీస్తున్నారు మరి?"

"అదిగో! మా సరోజినీ ఇలాగే పీక్కుతినేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పేశాను. మూడు రోజులు మాట్లాడలేదు."

"చెప్పనందుకా?"

"చెప్పినందుకు! అడిగిందీ తనే, అలిగిందీ తనే. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఎవరైనా అలిగితే బాగుండునని ఉంటుంది. టీ చల్లారుతోంది, తాగమ్మా."

"తాగుతున్నా. అయిదోది?"

"అయిదు, ఆరు, ఏడు సైన్స్ ఫిక్షన్. మధ్య అర. అయిదు, 'శని వలయంలో బడిపంతులు'. నవ్వకు. పేరు వినగానే అందరూ నవ్వుతారు. బడిలో ఆఖరికి ఒక్క పిల్లాడు మిగులుతాడు. అయినా ఆ పంతులు రోజూ నలభై పేర్లూ హాజరు పిలుస్తాడు. రైల్లో చదువుతూ ఏడ్చాను. బిలాస్‌పూర్‌లో దిగాల్సినవాణ్ణి చాంపా దాకా వెళ్ళిపోయాను."

"అరే! రైల్వేలో పనిచేసి మీరే స్టేషన్ దాటిపోతే ఎలా?"

"టికెట్ కలెక్టరు కోటయ్య అని మనవాడే. నా మొహం చూసి, ఎవరో పోయారనుకుని, పక్కన కూర్చుని మంచినీళ్ళిచ్చాడు. పోయింది నవల్లో మనిషని చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పటికీ చెప్పలేదు."

"మధ్యమధ్యలో ఈ అట్టముక్కలేంటి అంకుల్?"

"పుస్తకం బయటికి వెళ్తే ఆ ఖాళీలో అట్ట పెడతాను. మీద పేరూ, తారీకూ. నలభై ఏళ్ళ అలవాటు. అట్ట లేకుండా ఖాళీ ఉందనుకో, ఊడిన పంటి దగ్గరికి నాలుక పోయినట్టు అస్తమానూ చూపు అక్కడికే పోతుంది."

"రఘు, భన్‌పురి. దానయ్య, భన్‌పురి. సూరమ్మ, ఆరంగ్. ఆరంగ్ నుంచి కూడా వస్తారా పుస్తకాలకి?"

"ఆవిడ రాదు. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తాను. నర్సు చేసి రిటైరైంది. ఆవిడకి అచ్చంగా కింది అరే. పాత నవలలు, పెద్దింటి కథలు. మొదటి చాప్టర్లో శవం కనిపించిందా, పుస్తకం మర్నాడే వాపసు. ముప్పై ఏళ్ళు డ్యూటీలో చూశానండీ, మళ్ళీ ఇంట్లో కూడానా అంటుంది."

"ఆడవాళ్ళు బాగానే చదువుతున్నారన్నమాట. ఈ కాలనీలో ఇంకెవరెవరు?"

"ఉన్నారు, ఉన్నారు. ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ చీటీలో ఉన్నాయి, రాసుకున్నావా?"

"రాసుకున్నా. నీలిమ అని ఒకావిడ ప్రతి బుధవారం వస్తుందట కదా?"

"వస్తుంది. వచ్చేది. పదోది 'రాళ్ళవాగు మునసబు'. రాయి."

"నిన్న బుధవారమే. వచ్చిందా?"

"నీ ఫోను కొట్టుకుంటోందమ్మా."

"కొట్టుకోనీయండి. నిన్న వచ్చిందా అంకుల్?"

"ఫణిశ్రీ, సంఘం వాళ్ళు సంచిక మానేసి మూడేళ్ళయింది."

"మరి… మరి పది పేర్లూ ఎందుకు చెప్పారు?"

"ఈ రోజుల్లో అడిగేవాళ్ళెవరమ్మా? అబద్ధానికైనా అడిగావు కదా అని చెప్పాను. నువ్వు నీలిమ మొగుడు మహేంద్ర చెల్లెలివి. నీలిమ తన పెళ్ళి ఫొటోలు చూపించింది. గుమ్మంలోనే పోల్చుకున్నాను."

"పోల్చుకుని కూడా టీ పెట్టారా?"

"ఎండలో మూడంతస్తులు ఎక్కి వచ్చావు."

"చలో, మంచిదే. ఇక నాటకం ఎందుకు. వదిన ఇల్లు వదిలి నాలుగు రోజులు. ఎక్కడుందో మీకు తెలుసు."

"నాకు తెలీదు."

"కింద కార్లో అన్నయ్య కూర్చున్నాడు. నేను వెళ్తే పెద్దాయన కంగారు పడతాడు, నువ్వెళ్ళి మెల్లగా కనుక్కో అని నన్ను పంపాడు. నేను కనుక్కోకపోతే తనే వస్తాడు."

"దొరికితే ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడు, ఇంటికి తీసుకెళ్తాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేంటి? అన్నయ్య గొంతు పెంచి మాట్లాడగా మీరు ఎప్పుడైనా విన్నారా? కాలనీలో ఎవర్నైనా అడగండి."

"గొంతు పెంచడు, నిజమే. సోమవారం నాతో ఫోన్లో మాట్లాడాడు. 'మీ ఆరోగ్యం ఎలా ఉందండీ, ఒక్కరే ఉంటారు కదా, మెట్ల మీద లైటు కూడా లేదు, జాగ్రత్తండీ' అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! ఫోను పెట్టేసి వెళ్ళి తలుపు గొళ్ళెం వేసుకున్నాను."

"అది… అన్నయ్య అలాగే మాట్లాడతాడు. అందరితో."

"ఒక పని చెయ్యమ్మా. పై అరలో మొదటి పుస్తకం తియ్యి. 'గోడకవతల గొంతు'. ఆఖరికి వెళ్ళు."

"ఆఖరి కాగితం చేత్తో రాసి ఉంది. మీ దస్తూరీయేనా?"

"నాదే. అచ్చు కాగితం లేదు. బ్లేడుతో నున్నగా కోసేసి ఉంది. నీలిమ మొదటిసారి అలా తెచ్చినప్పుడు ఎలక కొట్టిందేమో అనుకున్నాను. ఎలక అంత తిన్నగా కొయ్యదు కదా! రెండో పుస్తకమూ అంతే. మూడోదీ అంతే. అడిగితే తల వంచుకుంది. నెల్లాళ్ళకి చెప్పింది. ఆయన కోసి జేబులో పెట్టుకుంటారండీ, చెప్పినట్టు విన్న రోజున ఇస్తానంటారండీ అని."

"అది సరదాకి. మతలబ్, అదే, అన్నయ్యకి అలాంటి సరదాలు కొన్ని…"

"ఎప్పుడైనా ఇచ్చాడా?"

"నాకేం తెలుసు?"

"ఒక్కసారీ ఇవ్వలేదు. అందుకని గుర్తున్నంత మటుకు నేను రాసి అంటించేవాణ్ణి. ఈ గుమ్మం దగ్గరే నిలబడి చదువుకుని వెళ్ళేది. 'అసలుదానికన్నా మీరు రాసిందే బాగుందండీ' అనేది. అసలుది చూస్తే కదా! అయినా ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి."

"బస్, అంతేగా, కాగితమే కదా అంకుల్. కాగితం చింపాడని ఎవరైనా కాపురం వదిలేసుకుంటారా?"

"కాగితం దగ్గర ఆగిందా? పోయిన వారం బుధవారం పుస్తకం ఎడం చేత్తో ఇచ్చింది. ఏనాడూ అలా ఇవ్వని పిల్ల. కుడి చెయ్యి చున్నీలోంచి బయటికి తియ్యలేదు. అదే ఇంట్లో ఉండేదానివి నువ్వు. ఏం జరిగిందో నేను చెప్పాలా, నువ్వు చెబుతావా?"

"తలుపు సందులో పడింది."

"తలుపు దానంతటది పడిందా?"

"టీ బాగుంది అంకుల్. అల్లం వేశారా?"

"ఫణిశ్రీ."

"నేను వంటింట్లో ఉన్నా. నేను చూళ్ళేదు. వినిపించింది, బస్. వినిపించింది. వెళ్ళి టీవీ సౌండు పెంచాను."

"ఊఁ."

"అలా చూడకండి. మీరుంటే ఏం చేసేవారు? చెప్పండి. ఏం చేసేవారు?"

"ఏమో తల్లీ. నేనూ నెలలపాటు కాగితాలు రాసి అంటించుకుంటూ కూర్చున్నవాణ్ణే కదా. ఒకటడుగుతాను. చిన్నప్పుడు నీ పుస్తకాలూ కోసేవాడా?"

"పుస్తకాలు కాదు. బొమ్మలు. నేను మనుషుల బొమ్మలు వేసేదాన్ని. స్కూలు నుంచి వచ్చి చూస్తే వాటికి కళ్ళుండేవి కావు. సన్నగా, బ్లేడుతో… వదిలేయండి. అది ఇప్పుడెందుకు?"

"ఇప్పుడు వేస్తావా బొమ్మలు?"

"వదిలేయమన్నాగా! ఉండండి, మళ్ళీ తనే. హలో, ఆఁ అన్నయ్యా. మాట్లాడుతున్నా. ఆఁ, మంచాయనే. లేదు, భయపెట్టలేదు. ఒక పది నిమిషాలు. సరే, అయిదు. అయిదే. ఆఁ."

"ఏవంటాడు?"

"అయిదు నిమిషాలంట. అంకుల్, చెప్పేయండి. నేను తిన్నగా మెట్లు దిగిపోతా, తను ఎక్కడు. ఉత్తి చేతుల్తో దిగితే కార్లో తన పక్కన కూర్చునేది నేను, మీరు కాదు. అది ఆలోచించారా?"

"ఆలోచించానమ్మా. ఇందాకట్నించీ అదే ఆలోచిస్తున్నాను. అయినా నాకు తెలీదు."

"మీకు అబద్ధం రాదు అంకుల్. తెలీదు అన్న ప్రతిసారీ బీరువా వైపు చూస్తున్నారు."

"పుస్తకాల వైపు చూడ్డం నాకు అలవాటు."

"పుస్తకాల వైపు కాదు. ఖాళీ వైపు. పై అర, నాలుగోది. 'తడిసిన టపా' లేదక్కడ. అట్ట ఉంది."

"ఎవరో పట్టుకెళ్ళారు."

"ఎవరో కాదు, పేరుంది. సూరమ్మ, ఆరంగ్. తారీకు మొన్న సోమవారానిది."

"అయితే?"

"కింది అరలోనూ ఆవిడ పేరే. అదే తారీకు. ఒకే రోజు రెండు పుస్తకాలు. కిందది ఆవిడకి. బాగుంది. శవం కనిపిస్తే వాపసు పంపే మనిషి పై అరలోంచి ఎందుకు తెప్పించుకుంది? ఆవిడింట్లో సస్పెన్స్ ఎవరు చదువుతున్నారు అంకుల్?"

"ఆ బీరువా తలుపు వేసెయ్యమ్మా."

"చెప్పండి."

"ఇంకా నేను చెప్పేదేముంది?"

"ఆ అట్ట పెట్టకుండా ఉండాల్సింది మీరు."

"ఉండలేకపోయానమ్మా. పుస్తకం వెళ్ళింది, ఖాళీ కనబడింది, చెయ్యి దానంతటదే రాసేసింది. నీలిమ పేరు రాయకూడదని మాత్రం తోచింది. అదే పెద్ద తెలివనుకున్నాను. ఇన్ని హత్యల నవలలు చదివి చివరికి నేనే ఆచూకీ అందించాను!"

"ఆరంగ్. తూర్పున ముప్పావుగంట దారి."

"అమ్మా ఫణిశ్రీ, నీకు దణ్ణం పెడతాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అలా అనకండి. పెద్దవారు. లేవకండి, కూర్చోండి."

"రెండు వేళ్ళు విరిగాయి. సూరమ్మ రోజూ కట్టు విప్పి చూసి మళ్ళీ కడుతోంది. ఆ పిల్ల ఎడం చేత్తో పేజీలు తిప్పుకుంటూ చదువుతోందట. మొదటి రాత్రి కుర్చీ తలుపుకి అడ్డం పెట్టుకుని పడుకుందట. రెండో రాత్రి పెట్టలేదట. రెండే రాత్రులమ్మా కాస్త నిద్రపోయింది. పుస్తకం నేనెందుకు పంపానో తెలుసా? పరాయి ఇంట్లో బెదురుగా ఉంటుంది, నాలుగు పేజీలు చదివితే కునుకు పడుతుందని. అంతే."

"కట్టు… సరిగ్గా కట్టారా? వేళ్ళు వంకర పోవు కదా?"

"నర్సు కదమ్మా. పోవంది."

"వంటింట్లోంచి రెండడుగులు వేస్తే ఆ తలుపు. రెండే అడుగులు. అయినా నేను… కిటికీ దగ్గరికి రాకండి అంకుల్. కారు తలుపు తీశాడు. దిగాడు."

"తలుపు వెయ్యనా?"

"వద్దు. వేస్తే మీకు తెలుసని పక్కా అనుకుంటాడు. పైకి చూస్తున్నాడు. మీరు కుర్చీలోనే ఉండండి, ఏం మాట్లాడకండి. నేను తనకి ఫోను చేస్తా."

"ఏం చెబుతావు?"

"మాట్లాడకండన్నాగా!"

"వద్దమ్మా. ఫణిశ్రీ, వద్దు, నా మాట విను…"

"హలో అన్నయ్యా? మెట్లెక్కకు, పని అయిపోయింది. ఆఁ, చెప్పేశాడు. అవును, ఆయన నోటితోనే. పక్కా, ఏక్‌దమ్ పక్కా. నేనే వస్తున్నా, నువ్వు కారు పడమటి వైపు తిప్పి ఉంచు. చెబుతా, చెబుతా, రాసుకో: దుర్గ్‌లో ఉందట."