రెండో ఫోను

మధ్యాహ్నం మూడున్నర. యూనివర్సిటీ నెట్‌వర్క్ గదిలో, పదహారేళ్లుగా వైఫై అంతా ఒంటిచేత్తో చూసుకుంటున్న టెక్నీషియన్ గారి కుర్చీ వెనకాల సెక్యూరిటీ ఆఫీసరు నిలబడ్డాడు. చేతిలో బరువైన గుడ్డసంచి. వెనకాల ఎవరైనా నిలబడితే ఆవిడకి ఒళ్లు మంట.

"ఆపమంటే ఆపడమే. ఎందుకు, ఏమిటి అనడం నీ పని కాదమ్మా."

"ఎక్కడ ఆపాలన్నారు సార్?"

"ఎన్నిసార్లు చెప్పాలి? లైబ్రరీ కింద రీడింగ్ హాలు."

"అది నేల కింద ఉంది సార్. టవర్ అందదు. వైఫై కూడా తీసేస్తే అక్కణ్నుంచి ఒక్క ఫోన్ కాలూ బయటికి పోదు."

"అందుకేగా నీ దగ్గరికొచ్చింది."

"లోపల పిల్లలున్నారు."

"పిల్లలా? మూడు రోజులుగా తిష్ఠ వేశారు. ల్యాబ్ పేలి ఒకడు పోయాడు, పాపం, నాకూ బాధే. విచారణ, విచారణ అని హాలు పట్టుకుని కూర్చుంటే ఎలా? మావాళ్లు ఖాళీ చేయిస్తారు."

"మీవాళ్లంటే, యూనిఫాం వాళ్లా?"

"ఎవరైతే నీకెందుకు?"

"ఆ సంచిలో ఏమిటి సార్?"

"లోపలికెళ్లే మావాళ్ల ఫోన్లు. ముప్పై మందివి. నేనే లాక్కున్నా. రేపు ఏ వీడియో తెచ్చి నా మెడకి చుడతారో, ఎవడికి తెలుసు."

"రాసివ్వండి సార్, ఆపుతా."

"రాసివ్వాలా? మొన్న నా వైఫై ఐడీ మీద రెండో ఫోను ఎక్కించమంటే రాసివ్వమన్నావా?"

"అది మీ పాత ఫోనన్నారు."

"ఆ, పాతదే. ఇప్పుడు దాని గొడవెందుకు? ఆపు."

"సార్, ఇది చూడండి. హాల్లో నూటపన్నెండు ఫోన్లు కనెక్ట్ అయి ఉండాలి. తొంభై ఆరే ఉన్నాయి. ఇప్పుడు ఎనభై."

"అంటే?"

"ఫోను పగిలితే లిస్టులోంచి పోతుంది. మీవాళ్లు లోపలికి వెళ్లిపోయారా?"

"పావుగంట ఆగమన్నా. తొందరపడ్డారు వెధవలు."

"ఒకబ్బాయి లైవ్ పెట్టాడు. ఇనప రాడ్లు సార్. కిందపడ్డవాణ్ని కూడా కొడుతున్నారు. తల మీద కొడుతున్నారు."

"సౌండ్ తగ్గించు."

"ఆ అమ్మాయిని జుట్టు పట్టుకుని బెంచీకేసి..."

"తగ్గించమన్నానా."

"యాభై మూడు. సార్, మీ ఫోను మోగుతోంది."

"మా అమ్మాయి. ఇక్కడే సెకండియర్. జ్వరమని పొద్దుట్నుంచి హాస్టల్లో పడుకుంది. మాత్రలు తెమ్మంటుంది, ఇంకేముంది. బుద్ధున్న పిల్లలు అలా ఉంటారు, చూడు."

"తియ్యండి సార్."

"తర్వాత చేస్తాలే. నువ్వు ముందు ఆపు."

"ఇరవై ఆరు. లిస్టు ఒక్క స్క్రీన్‌లో పట్టింది, ఇప్పుడు పేర్లు కనిపిస్తున్నాయి. చదువుతా, వినండి."

"పేర్లు నాకొద్దు."

"ఒక్క పేరు సార్, ఒక్కటంటే ఒక్కటి..."

"వద్దన్నానా. వింటే తెలిసినట్టే. రేపు అడిగితే నాకు తెలీదనే చెప్పాలి."

"మళ్లీ మోగుతోంది."

"మోగనీ."

"ఆపితే వైఫై మళ్లీ లేవడానికి ఏడు నిమిషాలు పడుతుంది సార్."

"డెబ్భై పట్టనీ. లే. కుర్చీలోంచి లే."

"చెయ్యి వదలండి."

"నీతో మాటలేంటి, నేనే తీస్తా. రీడింగ్ హాలుది ఏ స్విచ్చు? ఇదేగా, చీటీ అంటించావు."

"చెయ్యి విరుగుతోంది సార్, వదలండి. అది ముట్టుకోకండి. లిస్టులో మీ..."

"పేర్లొద్దన్నానా! జరుగు. అదీ. అయిపోయింది. ఇంత పనికి ఇంతసేపు చేశావు."

"అమ్మా, నా చెయ్యి!"

"ఏడవకు. కట్టు కట్టించుకో. మెట్ల మీద పడ్డానని చెప్పు, నేనూ అదే చెప్తా."

"మీ ఫోను ఆగిపోయింది సార్."

"ఏంటి?"

"ఇందాకట్నుంచి మోగుతోంది కదా. మీరు స్విచ్ తియ్యగానే ఆగిపోయింది."

"విసుగొచ్చి పెట్టేసి ఉంటుంది."

"హాస్టల్ వైఫై నడుస్తూనే ఉంది. ఆగింది ఒక్క రీడింగ్ హాలుదే."

"అయితే?"

"చివర్న ఐదు ఫోన్లు మిగిలాయి. అందులో ఒకటి మీ ఐడీ."

"నా ఐడీ ఏంటి? నేనిక్కడున్నాగా."

"రెండో ఫోను సార్. మొన్న మీరు ఎక్కించమన్నది. ఎవరికిచ్చారు సార్ అది?"

"మా అమ్మాయికి. స్టూడెంట్ల ఐడీకి స్పీడ్ రాదని గోల పెట్టింది. అందుకని నా... కాదు. జ్వరమండీ దానికి. హాస్టల్లో పడుకుంది."

"ఆ ఫోను పొద్దుట్నుంచీ రీడింగ్ హాల్లోనే ఉంది. అక్కణ్నుంచే మీకు చేసింది."

"మేడమ్. మేడమ్, వెయ్యండి. స్విచ్ వెయ్యండి."

"వేశాను."

"వచ్చిందా?"

"ఏడు నిమిషాలు సార్."

"అప్పటిదాకా... ఉండండి, మావాళ్ల నాయకుడికి చేస్తా. ఆపమంటా. వాడు నా మాట జవదాటడు, ఒక్క మాట చెప్తే చాలు. ఆ, కలిసింది. రింగవుతోంది. తియ్యరా. తియ్యరా బాబూ. ఎందుకు తియ్యట్లేదు వాడు?"

"సార్, మోగేది మీ సంచిలోనే."