నల్ల నాలుకలు

ఆవిడ గురించి కాదు, నా గురించి చెప్పమంటారా ఫాదర్? చెప్తాను, అందుకేగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. కానీ ఆవిడ సంగతి చెప్పకుండా నా సంగతి ఎలా చెప్పను? నా పాపానికి మూలం ఆ మహాతల్లేగా!

సరే, పద్ధతి ప్రకారమే కానివ్వండి. పోయినసారి పాపసంకీర్తనం చేసి ఎనిమిది నెలలైంది. ఈస్టరుకి ముందు. అప్పుడూ కాసిడీ గురించే చెప్పాను, మీకు గుర్తుండే ఉంటుంది. నా మాజీ మొగుడు వేడ్ కొత్తగా చేసుకున్న పిల్ల. ఇరవై తొమ్మిదేళ్ళు. ఇప్పటికీ జుట్టు నడినెత్తిన కట్టి ఎగరేసుకుంటూ తిరుగుతుంది. ఆ... సరే సరే, జుట్టు వదిలేస్తా.

ఇవాళ పొద్దున సకల పునీతుల పండగ పూజలో మీరు చూశారు కదా? దివ్యసత్ప్రసాదానికి మూడో తరగతి పిల్లలు వరసగా వచ్చి నాలుకలు చాపితే, ఒక్కొక్కటీ బొగ్గు నమిలినట్టు నల్లగా! మీ చెయ్యి ఓ క్షణం ఆగింది, నేను మూడో బెంచీలోంచి చూశాను. ఏం రోగం వచ్చిందోనని భయపడ్డారు కదూ? రోగం కాదు ఫాదర్. అది నా పని.

మొదట్నించీ చెప్పనివ్వండి. బయట ఎవరూ లేరులెండి, ముసలి మిసెస్ నోవాక్ ఒక్కతే. ఆవిడ పాపాలకి ఎంతసేపు పడుతుంది?

మా జోసీ హాలోవీన్ రోజున పుట్టింది. ఎనిమిది పుట్టినరోజులకీ ఎనిమిది కేకులూ నేనే చేశాను. సూపర్ మార్కెట్ బేకరీలో పదకొండేళ్ళుగా కేకుల మీద పూలు వేసేదాన్ని, నా కూతురికి నేను కాక ఇంకెవరు చేస్తారు చెప్పండి? ఓ ఏడాది దయ్యాల కొంప, పంచదార పాకంతో కిటికీ అద్దాలు. ఇంకో ఏడాది మంత్రగత్తె టోపీ. ఊళ్ళోవాళ్ళు ఫోటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్ళు.

ఈ ఏడు హాలోవీన్ శుక్రవారం పడింది. శుక్ర, శని, ఆదివారాలు పిల్ల వేడ్ దగ్గరుండాలి, కోర్టు కాగితంలో అలాగే ఉంది. అంటే తొమ్మిదో పుట్టినరోజు వాళ్ళింట్లో. సరే, ఏం చేస్తాం? కానీ కేకు కూడా వాళ్ళేనట!

"నీకు హాలోవీన్ వారమంతా పనే కదా జనీన్, ఎందుకు శ్రమ? ఈసారి కాసిడీ చూసుకుంటుందిలే" అన్నాడు ఫోన్లో. పదమూడేళ్ళ కాపురంలో నా శ్రమ ఏనాడైనా కనిపించిందా ఆ మనిషికి?

బుధవారం మధ్యాహ్నం నేను బేకరీలో ముప్ఫయ్యో గుమ్మడికాయ కేకుకి కళ్ళు పెడుతున్నాను. తలెత్తితే ఎదురుగా ఈవిడ, తోపుడు బండితో. బండిలో ఏమున్నాయో తెలుసా? రెండు అట్టపెట్టెల కేకు పొడి, రెండు డబ్బాల తెల్ల క్రీము, చాక్లెట్ బిస్కెట్లు, జెల్లీ వానపాములు. అట్టపెట్టె పొడి ఫాదర్! గుడ్లూ నూనే కలిపి ఓవెన్లోకి తొయ్యడమే. నా కూతురికి!

"నవ్వకు జనీన్, నాకేమీ రాదు" అంది. "లోపల నారింజ పొరలు, పైనంతా నల్లగా ఉండాలట జోసీకి. బిస్కెట్లతో సమాధిరాళ్ళు గుచ్చుతాను. తేలికే అనుకున్నా. కానీ ఎంత కలిపినా బూడిద రంగే వస్తోంది. నలుపెలా వస్తుంది?"

అంత తెలియనిదాన్ని అడగడానికి సిగ్గు కూడా పడలేదు. పకపకా నవ్వుతూ అడిగేసింది. నేనైతే చచ్చినా అడిగేదాన్ని కాదు.

నలుపుకి ఓ కిటుకుంది. తెల్ల క్రీముతో మొదలుపెట్టకూడదు. చాక్లెట్ క్రీములో ఓ చెంచాడు రంగు కలిపి మర్నాటిదాకా వదిలేస్తే, దానంతటదే కాటుకలా అవుతుంది. మా బేకరీలో మొన్న చేరినవాళ్ళకి కూడా తెలుసు. చెప్పడానికి అర నిమిషం పట్టదు.

నేనేమన్నానో తెలుసా? "తెల్ల క్రీములోనే వెయ్యి. నల్ల రంగు సీసా మొత్తం వంపెయ్. చాలకపోతే రెండోది కూడా" అన్నాను. అరలోంచి రెండు సీసాలూ నా చేత్తోనే తీసి బండిలో పెట్టాను. నవ్వుతూ!

అంత రంగు పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు ఫాదర్. మందుబిళ్ళ నమిలినంత చేదు. పళ్ళు, పెదాలు, చేతులు, వాళ్ళ కొత్త తెల్ల సోఫా, అన్నిటికీ నలుపు. తెలిసే చెప్పాను.

దానికా పిల్ల, కౌంటరు మీదుగా వంగి నన్ను కావిలించుకుంది. "నువ్వెంత మంచిదానివి!" అంది. ఒళ్ళు మండిపోయింది నాకు.

పోనీ అక్కడితో ఆగానా? లేదు. గురువారం పని దిగి ఇంటికెళ్ళి నేనూ ఓ కేకు చేశాను. మూడు పొరలు, అసలు వెన్న, అసలు కోకో. పైన అసలైన నలుపు. చుట్టూ గుడ్డు తెల్లసొనతో తొమ్మిది బుల్లి దయ్యాలు, ఒక్కోదానికీ ఒక్కో మొహం. పెట్టెలో సర్ది కారు డిక్కీలో దాచాను.

ఎందుకా? ఎందుకేమిటి ఫాదర్! పిల్లలు ఓ ముక్క నోట్లో పెట్టుకుని థూ అంటారు. జోసీ ఏడుస్తుంది. సరిగ్గా అప్పుడు, బహుమతి ఇచ్చిపోదామని వచ్చినట్టు, నేను దిగుతాను. "ఏడవకు తల్లీ, అమ్మ తెచ్చిందిగా" అంటాను. రెండు రోజులు పని చేస్తున్నంతసేపూ ఆ మాట మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఆగండి, అది నేనే చెప్తాను, మీ నోటితో అనకండి. నా పిల్ల తన పుట్టినరోజు నాడు, అందరి ముందూ ఏడవాలని కోరుకున్నాను. దేవుడికి మొక్కుకోవడం ఒక్కటే తక్కువ.

శుక్రవారం అయిదున్నరకి వెళ్ళాను. మెట్లెక్కుతుంటే లోపల్నించి ఒకటే కేకలు. హమ్మయ్య, మొదలైంది అనుకున్నా. తలుపు తీస్తే ఏముంది? పద్నాలుగు మంది పిల్లలు, మంత్రగత్తెల, అస్థిపంజరాల, రక్తపిశాచాల వేషాల్లో, ఒకళ్ళకొకళ్ళు నాలుకలు చాపి చూపించుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు! పళ్ళు నలుపు, పెదాలు నలుపు. అద్దం ముందు తోపులాట. దయ్యాల పండక్కి అంతకంటే ఏం కావాలి? నలభై రెండేళ్ళ గాడిద, ఆ వేడ్ కూడా నన్ను చూసి నాలుక చాపాడు.

కేకా? ఓ పక్కకి ఒరిగిపోయింది. సమాధిరాళ్ళు సగం కూలిపోయాయి. నా దగ్గర ఎవరైనా అలాంటిది చేస్తే చెత్తబుట్టలో వేయిస్తాను. పిల్లలు పళ్ళెం అంచులు కూడా వదల్లేదు.

కాసిడీ నా వైపు తిరిగి నవ్వింది. దాని పళ్ళూ నల్లగానే ఉన్నాయి. అయినా అందంగానే ఉంది! పళ్ళు నల్లబడ్డాక కూడా అందంగా ఉండటమేమిటి ఫాదర్, అన్యాయం కాదూ? అవును, కడుపుమంటే. ఒప్పుకుంటున్నాగా.

ఇంతలో జోసీ పరిగెత్తుకుంటూ వచ్చి నా తెల్ల యూనిఫారానికి మొహం ఆనించేసింది. "అమ్మా, ఇది నీ చిట్కా అట కదా! కాసిడీ అందరికీ చెప్పింది. కేకు నాది, నలుపు మాత్రం జోసీ వాళ్ళమ్మది, ఈ ఊళ్ళో ఇంకెవరికీ రాదు అంది!" పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

నేనేం చేశానా? "అవును, నాదే" అన్నాను. ఇంకేమంటాను? నోట్లోంచి అదే వచ్చింది. ఇదింకో పాపం, రాసుకోండి. రాసుకోరా? అయితే గుర్తుపెట్టుకోండి.

వచ్చేస్తుంటే కాసిడీ గుమ్మం దాకా వచ్చి ఓ ముక్క పొట్లం కట్టి చేతిలో పెట్టింది. జోసీ నాకోసం దాచిందట, సమాధిరాయి ఉన్న ముక్క. పైగా, "క్రిస్మస్‌కి ఎరుపెలా తెప్పించాలో కూడా చెప్తావా?" అంది. నా కేకు డిక్కీలోనే ఉండిపోయింది. ఇప్పుడూ అక్కడే ఉంది, తొమ్మిది దయ్యాలతో సహా.

అదీ ఫాదర్. ఇంక ప్రాయశ్చిత్తానికి జపమాలలు ఎన్నో చెప్పేయండి, వెళ్ళి చదువుకుంటాను.

ఏంటీ? జపమాలలు కాదా? ఆ పిల్ల దగ్గరికెళ్ళి నిజం చెప్పాలా? మీకు పుణ్యముంటుంది ఫాదర్, యాభై జపమాలలు ఇవ్వండి. ఇదే రాతి నేల మీద మోకాళ్ళతో చదువుతాను. వంద?

కుదరదా. సరే.

రేపు ఆదివారం జోసీని తీసుకురావడానికి ఎలాగూ వెళ్ళాలి. అప్పుడు చెప్తాను. చాక్లెట్ క్రీము, ఓ చెంచాడు రంగు, మర్నాటిదాకా వదిలెయ్యాలి అని. ఎందుకు అబద్ధం చెప్పానో కూడా చెప్తాను. అప్పుడు కూడా కావిలించుకుంటే మాత్రం నన్నేమీ అనకండి, ముందే చెప్తున్నా.

పశ్చాత్తాపమా? ఇవాళ మధ్యాహ్నం దాకా లేదు. అబద్ధమాడితే ఇంకోటి లెక్కకొస్తుంది కదా. ఈ తెరలోంచి మీకు కనపడదు గానీ, ఇప్పుడు నా నాలుకా నల్లగానే ఉంది. ఇందాక లోపలికి వచ్చేముందు, బయట కారులో కూర్చుని ఆ ముక్క తినేశాను.

చేదు ఫాదర్. నేననుకున్నదానికంటే చేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్లలు ఎలా తిన్నారో మరి!

మా జోసీ చేదు అస్సలు ముట్టదు. దగ్గు మందు పట్టాలంటే ఇల్లంతా పరిగెత్తించి చంపుతుంది. అలాంటిది రెండు ముక్కలు తిందట. నిన్న గుమ్మంలో కాసిడీ చెప్తుంటే విని నేనెంత పొంగిపోయానో! "ఇంక చాల్లే, వదిలెయ్" అన్నా వినలేదట. "ఇది మా అమ్మ నలుపు, నేనే ఎక్కువ తినాలి" అందట.