నెమ్మదిగా పోతేనే వచ్చే చప్పుడు

ఇరవై ఏళ్ళ నాటి కారు. స్టీరింగు దగ్గర కోడలు, పక్క సీట్లో మామగారు.

“ఆపకు, ఆపకు. అదిగో, మళ్ళీ వచ్చింది. విన్నావా?”

“నాకేం వినబడలేదు మామయ్యా.”

“టకటకా కొట్టుకుంటుంటే వినబడలేదా? అటు చూడు, పడుకున్న కుక్క కూడా లేచింది. ఇంత గోల చేస్తుందనుకోలేదు.”

“ఏది?”

“ఏదేంటి, బండి.”

“వయసు మీద పడితే కీళ్ళు మోగవా? ఇంటికి పోదాం.”

“నా కీళ్ళ సంగతి తర్వాత. ఎడమకి తిప్పు.”

“ఎడమకి తిప్పితే పెద్ద రోడ్డు.”

“చిన్న రోడ్డులో రోగం దొరకదు. సాయంత్రం ఆయనెవరో కొనడానికి వస్తున్నాడు. ఈలోపు చప్పుడు పట్టుకోవాలి.”

“చప్పుడు విని వద్దంటే అననివ్వండి. మనకేం పోయింది?”

“అంటే నీకు అమ్మడం ఇష్టం లేదా?”

“నా ఇష్టం ఎవరడిగారు? నడిపేవాళ్ళు లేని బండి ఇంట్లో ఎందుకన్నారు మీ అబ్బాయి. నిజమేగా. మీకు చూపు ఆనదు. ఆయనకి ఆఫీసు బస్సుంది. నేనేమో...”

“నువ్వేమో?”

“తెలిసి అడుగుతారేం? వంతెన గోడకి గీరాక మళ్ళీ దీన్ని ముట్టుకున్నానా?”

“గోడకేం కాలేదులే. ఇప్పుడు ముట్టుకున్నావుగా?”

“నేను వింటాను, నువ్వు నడుపు అని మీరు కూర్చోబెడితే కూర్చున్నా. ఫోన్ చేసి ఆయన్నే అడగండి, అమ్మకం మానేయమని.”

“వాడు మాటిచ్చేశాడు. అచ్చం మా నాన్న పోలిక. మాటిచ్చాక మింగలేడు, కక్కలేడు. సరే, వేగం పెంచు. బేరింగ్ పోతే వేగం పెరిగేకొద్దీ మూలుగుతుంది.”

“వంతెన వస్తోంది మామయ్యా.”

“రానీ.”

“మామయ్యా, పక్కన లారీ.”

“లారీని చూడకు. నీ పక్కనున్న గీత చూడు. అంతే. అలాగే పోనీ. చప్పుడేది?”

“ఆగిపోయింది.”

“ఆగిందా? అయితే బేరింగ్ కాదు.”

“ఇంకా ఎంతుంది వంతెన?”

“అద్దంలో చూడు. వెనకుంది.”

“దాటేశానా?”

“దాటేశావు తల్లీ.”

“నాకు నవ్వొస్తోంది మామయ్యా.”

“నాకూ సంతోషంగా ఉంది. ఆ చెట్టు కింద పక్కకి ఆపు. నెమ్మదిగా పోతే మోగి, వేగంగా పోతే ఆగిందంటే వీల్ క్యాప్‌లో ఏదో దొర్లుతోందన్నమాట. స్క్రూడ్రైవర్ ఇలా ఇయ్యి.”

“వీల్ క్యాప్ ఎందుకు మామయ్యా? సైలెన్సరేమో.”

“పాపం, సైలెన్సర్ మీదెందుకు నేరం? దిగి ఇలా రా. ఊడొచ్చింది. చూడు.”

“నట్లా?”

“నట్లే. చెప్పేస్తున్నా, తిట్టకు. నేనే వేశాను, నిన్న, క్యాప్ సందులోంచి.”

“మీరా?”

“ఊరికే నడపమంటే నడిపేదానివా? రోగం కనిపెట్టాలంటే తప్పదుగా. నువ్వు నడపడం మొదలెడితే, నడిపేవాళ్ళు లేరని వాడు అనలేడు.”

“మామయ్యా, నేను కూడా వేశాను.”

“నువ్వూ వేశావా?”

“మోగే బండి ఎవరూ కొనరని. ఎప్పటికైనా మళ్ళీ నడపాలని ఉంది నాకు. పైకి చెప్పుకోలేకపోయాను.”

“అందుకా, ఎక్కిన దగ్గర్నుంచీ ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అన్నావు? దొంగా. ఎన్ని వేశావు?”

“ఒకటే. మీరు?”

“నేనూ ఒకటే.”

“ఇక్కడ మూడున్నాయి.”

“మూడా? సరిగ్గా చూడు. నా కళ్ళని నమ్మలేను.”

“మూడే. అత్తయ్య వేశారేమో.”

“ఆవిడ వాళ్ళ అక్క ఇంటికెళ్ళి వారమైంది. ఇంకెవరున్నారు ఇంట్లో?”

“మామయ్యా, పొద్దున్నే చక్రాల్లో గాలి చూస్తున్నానని మీ అబ్బాయి చాలాసేపు కింద కూర్చున్నారు.”