ఏ రైఫిల్ మేలు?

సెలవు మీద మైదుకూరు వచ్చిన కొత్త పెళ్లికొడుకు ఫోను పెట్టేసి, భార్య దగ్గరికి పరుగెత్తాడు.

"మా పటాలంలో రెండు రైఫిళ్లు కాల్చి చూసినాం కదా, మాకు ఏది మేలో నన్నే రాయమన్నారు! ఎల్లుండికి పంపాల."

"శానా సంతోషం బావా. రేపు అహోబిలం పోతాండాం కదా?"

"ఆగు. ఒకటి దూరం కొడతాది, కిలో బరువెక్కువ. ఇంకోటి తేలిక, అంత దూరం కొట్టదు. రేపంతా ఆలోచించాల."

"ఉండేది నాలుగు రోజుల సెలవు! పెళ్లి చీర ఏరడానికి నాకు గంట పడితే కసురుకుంటివే!"

"చీర మోసుకొని ఎవరూ కొండెక్కరు, రైఫిల్ మోసుకొని మేం ఎక్కాల."

"కొండెక్కాలనా? సరే, ఒక్కో రైఫిలంత బరువుకు ఒక్కో జొన్నల సంచి కడతా. రేపు అహోబిలం కొండ సగం దాకా ఒకటి, ఆపైన ఇంకోటి మోయి. ఆ కిలో సంగతి నీ భుజమే చెప్తాది. నేను చిత్రాన్నం మోస్తా."