ఎర్ర గీత

స్టాండ్ల మీద లేపిన కారు కింద భర్త పడుకుని ఉన్నాడు. భార్య పక్కనే కూర్చుని టార్చి పట్టుకుంది.

“బెల్టు చుట్టి తిప్పినా ఈ ఆయిల్ ఫిల్టరు కదలట్లేదు. మొండికేసింది.”

“మొన్న మూణ్ణెల్ల క్రితమేగా ఫిల్టరు మార్చావు? అప్పుడే ఇంతలా బిగిసిపోతుందా?”

“ఎండలకి రబ్బరు అతుక్కునుంటుంది. స్క్రూడ్రైవరివ్వు, పొడిచి తిప్పుతా.”

“ఆగాగు. మసి తుడవనీ... ఇదుగో, ఫిల్టరు మీద నా ఎర్ర గోళ్ళరంగు గీత! నిరుడు ఇద్దరం కలిసి బిగించినప్పుడు, వదులైతే తెలుస్తుందని నేనే గీశాను.”

“అయితే ఏంటి?”

“అయితే ఇది పాతదే. మూణ్ణెల్ల క్రితం మా నాన్న ఆపరేషను రోజు ఫిల్టరు మార్చాలని చెప్పి ఆసుపత్రికి రాలేదు నువ్వు. నేను తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా నూనెతో ఉన్నావు.”

“నేను దీన్ని విప్పేలోగా కొత్తదాని రబ్బరుకి కాస్త నూనె రాసి ఉంచు.”

“దీనికి నేను రాస్తాలే. ఆ రోజు నీ చేతులకి ఎవరు రాశారో చెప్పు.”